గాలి ఎటు నుంచి వీస్తోంది? ఏడాది చివరి విహారానికి ఒడ్డు ఎంచుకోవడం

థాయిలాండ్ మ్యాపులో ఫుకెట్ నుంచి కో సముయ్‌కి నేరుగా గీత గీస్తే సుమారు 250 కిలోమీటర్లు వస్తుంది. రెండూ ఒకే దేశపు దీవులు. ఫొటోల్లో రెంటికీ అవే కొబ్బరిచెట్లు, అదే తెల్లని ఇసుక. కానీ డిసెంబరు మొదటి వారంలో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. ఫుకెట్‌లో ఆకాశం కడిగినట్టు ఉండి, సముద్రం చెరువులా పరుచుకుని ఉంటుంది. అదే రోజు సముయ్‌లో ముసురు పట్టి, ఒడ్డున ఈతకు దిగొద్దనే ఎర్రజెండా ఎగురుతూ, పక్క దీవికి వెళ్లాల్సిన పడవ రేవు దాటకుండా ఉండొచ్చు. సముయ్‌కి నవంబరు ఒక్క నెలలోనే సగటున 500 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడుతుంది, ఆ తడి డిసెంబరులోకీ సాగుతుంది. ఫుకెట్‌లో డిసెంబరు సగటు 100 మిల్లీమీటర్ల లోపే.

కాబట్టి "డిసెంబరులో థాయిలాండ్ బాగుంటుందా?" అని అడిగితే ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేరు. ఏ ఒడ్డుకు వెళ్తున్నారో చెబితే ఎవరైనా చెప్పగలరు. ఏడాది చివర ఉష్ణమండలంలో సెలవులు గడపాలనుకునేవాళ్లు ముందు దేశం ఎంచుకుంటారు, తర్వాత హోటల్, ఆపైన టికెట్లు. వాతావరణం సంగతి చివరన గుర్తొస్తుంది. ఈ వరుసను తిరగేయడం మేలు. ముందు గాలి, ఆ గాలిని బట్టి ఒడ్డు, ఆ తర్వాతే హోటల్.

డిసెంబరు 21 ప్రాంతంలో సూర్యుడు మకరరేఖ మీద నడినెత్తిన ఉంటాడు. భూమి నడుము చుట్టూ ఎప్పుడూ ఉండే వానమబ్బుల పట్టీ కూడా సూర్యుడి వెంటే దక్షిణానికి జరుగుతుంది. అదే సమయంలో ఉత్తరాన సైబీరియా, మంగోలియాల్లో నేల గడ్డకట్టి, దాని మీది గాలి చల్లబడి బరువెక్కుతుంది. అక్కడ పీడనం 1,040 మిల్లీబార్లు దాటడం ఈ నెలల్లో మామూలే. అంత బరువైన గాలి ఒకచోట నిలవలేక దక్షిణానికి ఒలికిపోతుంది. భూమి తిరుగుడు దాన్ని పక్కకు మళ్లిస్తుంది కనుక భూమధ్యరేఖ వైపు వచ్చేసరికి అది ఈశాన్యం నుంచి వీచే గాలి అవుతుంది. బయలుదేరినప్పుడు అది వట్టి ఎండుగాలి. దక్షిణ చైనా సముద్రం మీదుగా వెయ్యి కిలోమీటర్లకు పైగా నడిచేసరికి నీటిని పీల్చుకుని తడిగుడ్డలా తయారవుతుంది. మొదట ఎదురైన కొండవరస ఆ గుడ్డను పిండేస్తుంది. కొండ అవతలికి దిగే గాలిలో పిండడానికి పెద్దగా ఏమీ మిగలదు.

తూర్పు, ఆగ్నేయ ఆసియాల్లో భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న దేశాల లెక్కంతా దీనితోనే తేలుతుంది. తూర్పుకు ముఖం పెట్టిన ఒడ్డు డిసెంబరులో తడుస్తుంది, పడమటికి ముఖం పెట్టిన ఒడ్డు ఆరుతుంది. మలేషియా తూర్పు తీరాన ఉన్న పెర్హెంతియన్, రెడాంగ్ దీవుల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చాలా రిసార్టులు తలుపులే మూసేస్తాయి. అదే దేశంలో పడమటి వైపున్న లంకావి అప్పుడే కళకళలాడుతుంది. థాయిలాండ్‌లో అండమాన్ సముద్రం వైపున్న సిమిలాన్ దీవుల జాతీయ పార్కు అక్టోబరు మధ్యలో తెరుచుకుని మే మధ్య వరకు ఉంటుంది. తక్కిన కాలంలో నైరుతి రుతుపవనాల కెరటాలకు అక్కడికి పడవలు నడవవు. ఒక ఒడ్డు మూతపడే కాలమే ఇంకో ఒడ్డు తెరుచుకునే కాలం. స్థానికంగా పడవలు నడిపేవాళ్లకు ఇది పంచాంగం చూడకుండా తెలిసే విషయం. హోటల్ బుక్ చేసే సైట్లలో మాత్రం రెండు ఒడ్లూ ఒకే నీలిరంగులో కనిపిస్తాయి.

వియత్నాంలో ఇదే కథ ఇంకాస్త మెలికలు తిరుగుతుంది. ఆ దేశం ఉత్తర దక్షిణాలుగా బాగా పొడుగు. డిసెంబరులో హనోయి, హాలాంగ్ బే వైపు చలి, మబ్బు. అక్కడ ఈత మాట మరిచిపోయి స్వెట్టర్ పెట్టుకోవాలి. మధ్యనున్న హుయే, డా నాంగ్, హోయి ఆన్‌లు ఈశాన్య గాలికి ఎదురుగా ఉంటాయి. వాటి వెనక ట్రుయాంగ్ సాన్ కొండలు, మధ్యలో హాయ్ వాన్ కనుమ. గాలి మోసుకొచ్చిన తేమంతా అక్కడే దిగిపోతుంది. ఆ తీరానికి వాన ఉద్ధృతి అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ, డిసెంబరులో ఇంకా తెరిపి దొరకదు. కాస్త కిందకు వస్తే న్యా ట్రాంగ్ కూడా డిసెంబరులో తడిదే. పూర్తిగా దక్షిణాన, గల్ఫ్ ఆఫ్ థాయిలాండ్‌లో ఉన్న ఫు క్వొక్ దీవిలో మాత్రం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడికాలం. ఒకే వీసాతో చూసే దేశంలో ఒకే వారంలో మూడు రుతువులు. ఉత్తరం నుంచి దక్షిణానికి పది రోజుల యాత్ర పెట్టుకునేవాళ్లు మధ్య తీరానికి ఈత కోసం కాక పాత పట్టణాల కోసం, గొడుగు చేతబట్టుకుని వెళ్తే నిరాశ పడరు. ఈతను చివరి మూడు రోజులకు దాచుకోవాలి.

గాలి ఎంత పని చేస్తుందో ఒకేచోట నిలబడి చూడాలంటే ఫిలిప్పీన్స్‌లోని బొరాకాయ్ అంత మంచి బడి లేదు. దీవి పొడవు సుమారు 7 కిలోమీటర్లు, నడుము దగ్గర వెడల్పు కిలోమీటరు కూడా ఉండదు. ఆ నడుముకు పడమర వైపు వైట్ బీచ్, తూర్పు వైపు బులబోగ్ బీచ్. ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు నడిచి వెళ్లడమే. ఈశాన్య గాలిని అక్కడివాళ్లు అమిహాన్ అంటారు, నైరుతి గాలిని హబగాట్ అంటారు. డిసెంబరులో అమిహాన్ వీస్తుంటే వైట్ బీచ్ దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి. పసిపిల్లలు మోకాళ్ల లోతులో కూర్చుని ఆడుకుంటుంటారు, ఇసుక మీద పరిచిన తువ్వాలు అంచు కూడా కదలదు. సందుల్లోంచి అవతలికి నడిస్తే చెవుల్లో హోరు మొదలవుతుంది. బులబోగ్‌లో గాలి ముఖాన కొడుతుంది, నీటి మీద తెల్లటి నురగ తలలు లేస్తుంటాయి, ఆకాశం నిండా కైట్‌బోర్డింగ్ గాలిపటాలు ఎగురుతుంటాయి. వేసవి దాటి హబగాట్ మొదలైతే రెండు ఒడ్లూ వేషాలు మార్చుకుంటాయి. గాలి అదే దీవిని ఏడాదికి రెండుసార్లు తిరగేస్తుందన్నమాట. ఈ ఒక్క దృశ్యం మనసులో ఉంటే మిగతా ప్రపంచపు మ్యాపు చదవడం తేలికవుతుంది.

ఫిలిప్పీన్స్ మొత్తానికీ ఇదే వర్తిస్తుంది. పలావాన్ పడమటి తీరం పొడిగా మారుతుంటే పసిఫిక్‌కు ఎదురుగా ఉన్న సమార్, సియార్గావ్‌ల వైపు ఏడాదిలోకెల్లా గట్టి వానలు ఈ నెలల్లోనే పడతాయి. పైగా పసిఫిక్ తుపాన్ల కాలం డిసెంబరుకు పూర్తిగా సద్దుమణగదు. 2021 డిసెంబరు 16న సియార్గావ్‌ను తాకిన రాయ్ తుపాను అక్కడి నుంచి పడమటికి సాగి 400 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ దేశంలో దీన్ని ఒడెట్ అని పిలిచారు. డిసెంబరు తుపాన్లు తక్కువే అయినా ఎక్కువగా దేశపు మధ్య, దక్షిణ భాగాల మీదుగా పోతాయి. సెలవుల మ్యాపులో అందరికీ నచ్చే దీవులు చాలావరకు అక్కడే ఉన్నాయి.

గాలి లెక్క తప్పే రోజులూ ఉంటాయి. 2021 డిసెంబరులో ఒక అల్పపీడనం మలేషియా తూర్పు తీరాన్ని దాటి పడమటి వైపుకు వచ్చి సెలాంగోర్‌ను ముంచెత్తింది. గాలి మరుగున ఉన్నాం కదా అనుకున్న షా ఆలం వీధుల్లో పడవలు తిరిగాయి. 2019 జనవరి 4న పబుక్ అనే ఉష్ణమండల తుపాను గల్ఫ్ ఆఫ్ థాయిలాండ్‌ మీదుగా వచ్చి నఖోన్ సి తమ్మరత్ దగ్గర తీరం దాటింది. కొత్త సంవత్సరం సంబరాలకు సముయ్, ఫంగన్, టావ్ దీవులకు వెళ్లినవాళ్లు వేలమంది పడవలు ఆగిపోకముందే తిరుగుముఖం పట్టారు. సరైన ఒడ్డు ఎంచుకుంటే వాన పడదన్న హామీ రాదు, పడే అవకాశం బాగా తగ్గుతుంది.

శ్రీలంకలోనూ ఒడ్లు వంతులు వేసుకుంటాయి. నైరుతి తీరంలోని హిక్కడువ, గాల్లె, మిరిస్స డిసెంబరు మధ్య నుంచి తేరుకుని మార్చి దాకా బాగుంటాయి. తూర్పున ట్రింకోమలీ, బట్టికలోవా, ఆరుగం బే అప్పుడు వానలో ఉంటాయి. సర్ఫింగ్ కోసం ఆరుగం బే పేరు విని డిసెంబరులో వెళ్తే వ్యర్థం. దాని కాలం ఏప్రిల్ నుంచి అక్టోబరు. డిసెంబరు సర్ఫింగ్‌కు హిక్కడువ.

మాల్దీవుల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అక్కడ కొండలు లేవు. గుడ్డను పిండేవాళ్లు లేనప్పుడు తూర్పు ఒడ్డు, పడమర ఒడ్డు అన్న తేడా పలచబడి, ఉత్తర దక్షిణాల తేడా ముందుకొస్తుంది. ఆ దీవుల గొలుసు ఉత్తర అక్షాంశం 7 డిగ్రీల దగ్గర మొదలై భూమధ్యరేఖ దాటి దిగువకు, 800 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. డిసెంబరులో ఉత్తరాన ఉన్న అటోల్‌లు, అంటే ఉంగరంలా అల్లుకున్న పగడపు దీవుల గుంపులు, ముందుగా పొడిబారతాయి. దక్షిణాన అద్దు వైపు వానమబ్బుల పట్టీ దగ్గర్లోనే తచ్చాడుతుంటుంది కనుక జల్లులు ఆగవు. అక్కడి సంప్రదాయ క్యాలెండరులో ఏడాదిని 13, 14 రోజుల చొప్పున 27 ముక్కలు చేసి ఒక్కోదాన్ని నకై అంటారు. మన కార్తెల లెక్కే అది, మాటకు మూలం కూడా నక్షత్రమే. ఈశాన్య గాలి కాలాన్ని వాళ్లు ఇరువై అంటారు. అది డిసెంబరు 10 ప్రాంతంలో మొదలవుతుంది. పడవల మీద బతికిన జాతి నెలల లెక్కతో సరిపెట్టుకోకుండా పక్షం రోజుల లెక్క ఎందుకు పెట్టుకుందో ప్రయాణం ప్లాన్ చేసేవాళ్లు ఆలోచించాలి. డిసెంబరు 3కీ డిసెంబరు 28కీ మధ్య అక్కడ ఆకాశమే మారిపోతుంది. "డిసెంబరు సగటు" అన్న అంకె ఆ మార్పును దాచేస్తుంది.

భూమధ్యరేఖ దాటితే గాలి మొగ్గు మారుతుంది. ఈశాన్యం నుంచి వచ్చిన గాలి రేఖ దాటాక ఎడమకు ఒరిగి వాయవ్యపు గాలిగా మారుతుంది. బాలిలో డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి వానాకాలం, అందులో జనవరి గట్టిది. పడమటి ఒడ్డున ఉన్న కుటా, లెగియన్, జింబరాన్‌ల మీదకు కెరటాలూ, వాటితోపాటు నదులు కడిగి తెచ్చిన ప్లాస్టిక్ చెత్తా కొట్టుకొస్తాయి. ఉదయం ట్రాక్టర్లు తోసిన కుప్పలు మధ్యాహ్నానికి మళ్లీ పేరుకుంటాయి. తూర్పు వైపున్న సనుర్, నుసా దువాల దగ్గర అదే గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది కనుక నీళ్లు పోల్చితే శుభ్రంగా, నిలకడగా ఉంటాయి. బాలికే వెళ్లాలని మనసు పడితే డిసెంబరులో వైపు మార్చుకుని వెళ్లొచ్చు. సీషెల్స్‌లోనూ ఇంతే. డిసెంబరు నుంచి వాయవ్య గాలి వీస్తుంది, మాహే దీవిలో బో వల్లోన్ వైపు అలలు రేగితే తూర్పున ఆన్స్ రాయల్ వైపు నెమ్మదిగా ఉంటుంది.

దక్షిణాన అసలు భయం రోజువారీ వాన కంటే తుపాన్లది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా దక్షిణ పసిఫిక్, దక్షిణ హిందూ మహాసముద్రాల్లో తుపాన్ల కాలం. ఎక్కువ భాగం జనవరి నుంచి మార్చి లోపే వస్తాయి గానీ డిసెంబరుకు మినహాయింపు లేదు. 1974లో క్రిస్మస్ రోజు తెల్లవారుజామున ట్రేసీ తుపాను ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని నేలమట్టం చేసింది. 2020 డిసెంబరు 17న యాసా ఫిజీలోని వనువా లేవును, 2024 డిసెంబరు 14న చిడో హిందూ మహాసముద్రంలోని మయోట్ దీవులను తాకాయి. 2023 డిసెంబరు 13న జాస్పర్ ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో తీరం దాటినప్పుడు గాలి వేగం అంత భయపెట్టేది కాదు. కానీ అది కదలకుండా ఆ చుట్టుపక్కలే నిలిచిపోయి రోజుల తరబడి కుమ్మరించింది, కేర్న్స్ విమానాశ్రయం నీళ్లలో మునిగింది. తుపాను ఎంత బలమైనదన్న అంకె ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండడం పొరపాటు. ఎంత నెమ్మదిగా కదులుతోందన్నది సెలవులకు వెళ్లినవాడికి అంతే ముఖ్యం.

అలాగని దక్షిణాన్ని కొట్టిపారేయనక్కర్లేదు. మారిషస్‌లో డిసెంబరు పగలు 13 గంటలకు పైగా ఉంటుంది, సముద్రం వెచ్చగా ఉంటుంది, వాన ఉద్ధృతి ఇంకా రాదు. అక్కడా వైపులు ఉన్నాయి. మధ్య పీఠభూమి మీద ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల దాకా కురిస్తే పడమటి తీరాన 900 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఫిజీలో ఒకే దీవి మీద తూర్పున సువాకు ఏటా 3,000 మిల్లీమీటర్లు పడితే పడమటన నాడీకి 1,900 మిల్లీమీటర్ల లోపు.

ఇక అంకెల గురించి. సెలవుల ప్లానింగ్‌లో అన్నిటికంటే ఎక్కువగా మోసపోయేది నెలవారీ సగటు వానపాతం దగ్గరే. తెలుగులో వానకు ఎన్ని మాటలున్నాయో గుర్తు తెచ్చుకుంటే ఆ అంకెలో ఏం తప్పిపోయిందో తెలుస్తుంది. జల్లు వేరు, జడివాన వేరు, ముసురు వేరు, గాలివాన వేరు. 250 మిల్లీమీటర్ల నెల అంటే రోజూ సాయంత్రం నాలుగింటికి మబ్బు కమ్మి, గంటసేపు కుండపోతగా కురిసి, ఆరింటికల్లా వాన వెలిసి, తడి ఇసుక మీద పసుప్పచ్చ ఎండ పడే నెల కావచ్చు. ఉదయమంతా ఈతకు, మధ్యాహ్నం నిద్రకు సరిపోయే ఆ నెలలో సెలవు చెడదు. అదే 250 మిల్లీమీటర్లు మూడు విడతల ముసురుగా, విడతకు నాలుగు రోజుల చొప్పున కూడా పడొచ్చు. అప్పుడు ఐదు రోజుల యాత్ర మొత్తం గది కిటికీ దగ్గరే ముగుస్తుంది. అంకె అదే, సెలవు అదే కాదు.

స్థూలంగా చెప్పాలంటే నేల వేడెక్కి పుట్టే వాన కుండపోత. అది మధ్యాహ్నం దాటాక వచ్చి పోతుంది. గాలి మోసుకొచ్చే వాన ముసురు. సైబీరియా నుంచి చల్లగాలి ఒక్కసారిగా ఎగదోసినప్పుడు దక్షిణ చైనా సముద్రం మీద గాలి బలపడి, సింగపూర్ మొదలు మలేషియా ఈశాన్య రాష్ట్రం కెలాంతాన్ దాకా రెండు నుంచి ఐదు రోజులు ఎడతెగని వాన పడుతుంది. సింగపూర్‌కు డిసెంబరు సగటు 300 మిల్లీమీటర్లు దాటడానికి ఇలాంటి విడతలే ప్రధాన కారణం. జనవరి సగం గడిచాక అదే గాలి పొడిగా మారుతుంది. 2014 డిసెంబరులో ఇలాంటి వానలు ఒకదాని వెంట ఒకటి వచ్చి మలేషియా తూర్పు రాష్ట్రాల్లో రెండు లక్షల మందికి పైగా ఇళ్లు వదిలిపోయేలా చేశాయి. కనుక పట్టిక చూసేటప్పుడు మిల్లీమీటర్ల పక్కన వాన పడిన రోజుల సంఖ్య, ఎండ కాసిన గంటల సంఖ్య ఉంటే వాటినీ చదవాలి. మూడింటిలో ఎండ గంటలే ఎక్కువ నిజం చెబుతాయి.

ఆ కొలత ఎక్కడ తీసిందో కూడా చూడాలి. చాలా పట్టికలు విమానాశ్రయంలో పెట్టిన పరికరం లెక్కలు. హవాయి పెద్దదీవిలో హీలోకు ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన. కొండల అవతల పడమటి తీరంలో కొన్నిచోట్ల 250 మిల్లీమీటర్లు పడితే గొప్ప. రెంటి మధ్యా కారులో రెండు గంటల దారి లేదు. "హవాయి వాతావరణం" అనే పేరు మీద వచ్చే సగటు ఈ రెంటిలో దేనికీ చెందదు.

అట్లాంటిక్ వైపు లెక్క కొంత సులువు. హరికేన్ కాలం నవంబరు 30తో ముగుస్తుంది, కరీబియన్‌లో చాలా దీవులకు డిసెంబరు నుంచి పొడికాలం. ఒక చిన్న తిరకాసు మాత్రం ఉంది. ఏడాది పొడవునా ఎండగా ఉండే దీవిగా పేరుపడ్డ అరూబాకు ఉన్న కొద్దిపాటి వాన అక్టోబరు నుంచి డిసెంబరు లోపే ఎక్కువగా పడుతుంది. పెద్ద వాన కాదు, కంగారు అక్కర్లేదు. కోస్టారికాలో మళ్లీ ఒడ్డు లెక్కే. పసిఫిక్ వైపున్న గ్వానకాస్తె డిసెంబరులో ఎండబారుతుంది, కరీబియన్ వైపున్న లిమోన్ తడుస్తూనే ఉంటుంది. ఆఫ్రికా తూర్పు తీరాన జాంజిబార్‌లో వులి అని పిలిచే చిన్నవానలు నవంబరులో వచ్చి డిసెంబరులో సన్నగిల్లుతాయి. నెలాఖరుకు వెళ్లేవాళ్లకు ఈశాన్యపు కస్కాజి గాలి, ఎండ దొరుకుతాయి.

ఏటా ఇదే జరుగుతుందా అంటే జరగదు. పసిఫిక్ నీళ్లు ఆ ఏడు ఎటు వేడెక్కాయన్నది పెద్ద తేడా తెస్తుంది. పసిఫిక్ పడమటి వైపు నీళ్లు ఎక్కువ వెచ్చబడే లానినా ఏళ్లలో ఫిలిప్పీన్స్, మలేషియా, ఇండోనేషియా, ఉత్తర ఆస్ట్రేలియాల్లో వాన మామూలు కంటే ఎక్కువ వైపు మొగ్గుతుంది. ఆ వేడి మధ్య, తూర్పు పసిఫిక్‌కు జరిగే ఎల్‌నినో ఏళ్లలో అదే ప్రాంతం ఎండుతుంది, ఫిజీలో కరువు కనిపిస్తుంది, హవాయి చలికాలం పొడిగా గడుస్తుంది. డిసెంబరు నాటి పరిస్థితి సెప్టెంబరు, అక్టోబరుకల్లా చాలావరకు తేలిపోతుంది కనుక ప్రాంతం ఎంచుకోవడానికి ఈ సమాచారం చాలు. దీనికంటే చిన్న తాళంలో నడిచేది ఇంకొకటి ఉంది. 1971లో రోలండ్ మాడెన్, పాల్ జూలియన్ గుర్తించిన మబ్బుల అల హిందూ మహాసముద్రం నుంచి తూర్పుకు నెమ్మదిగా కదులుతూ 30 నుంచి 60 రోజుల్లో ఒక చుట్టు తిరుగుతుంది. ఆ అల నెత్తిమీద ఉన్న పది రోజులూ వాన జోరు, దాటిపోయాక తెరిపి. ఒకే హోటల్లో ఒకరికి వారమంతా ఎండ, పక్షం తర్వాత వచ్చినవారికి వారమంతా వాన ఎందుకో చాలాసార్లు దీనితోనే అర్థమవుతుంది. రెండు మూడు వారాల ముందు దీని జాడ తెలుస్తుంది. అంటే దేశం మార్చుకోవడానికి ఆలస్యమే, దీవుల వరస మార్చుకోవడానికి సమయం ఉంటుంది.

ఫోన్‌లో కనిపించే మెరుపు బొమ్మను మాత్రం నమ్ముకోకూడదు. ఉష్ణమండలంలో ఏ రోజుకైనా ఎక్కడో ఒకచోట ఉరుము పడే అవకాశం ఉంటుంది కనుక యాప్ వారం పొడవునా ఏడు మెరుపులు పెట్టేస్తుంది. పది రోజులు దాటిన యాప్ అంచనాల్లో ఆ కాలపు మామూలు తీరు తప్ప ఇంకేమీ ఉండదు. ఆ బొమ్మలు చూసి చివరి నిమిషంలో ప్రయాణం మానుకున్నవాళ్లు నష్టపోయింది మంచి సెలవునే కావచ్చు.

సముద్రాన్ని ఆకాశంతో కలిపి చూడడం ఇంకో పొరపాటు. ఎండ బాగా ఉన్న రోజున కూడా దూరపు తుపాను పంపిన కెరటాలు ఒడ్డును ఈతకు పనికిరాకుండా చేయగలవు. ఓహూ దీవి ఉత్తర తీరంలోని వైమియా బే వేసవిలో పిల్లలు ఈదే నీళ్లు, డిసెంబరులో ఉత్తర పసిఫిక్ తుపాన్ల అలలు వచ్చినప్పుడు ప్రపంచ స్థాయి సర్ఫర్లు మాత్రమే దిగే నీళ్లు. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో నవంబరు నుంచి మే దాకా విషంతో కుట్టే బాక్స్ జెల్లీఫిష్ కాలం. అక్కడ వలలు కట్టిన చోటే, ఒళ్లంతా కప్పే సూట్ వేసుకునే దిగాలి. గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటి అడుగు చూసే స్నార్కెలింగ్ కోసమే వెళ్లేవాళ్లకు వాన కంటే నది ముఖద్వారం ఎంత దగ్గరన్నది ముఖ్యం. గట్టి వాన పడ్డాక బురదనీరు రెండు మూడు రోజులు తేరుకోదు, నది లేని చిన్న పగడపు దీవి చుట్టూ నీళ్లు మరునాటికే తేటపడతాయి. ఎండ విషయంలోనూ జాగ్రత్త అవసరం. డిసెంబరు అంటే చలికాలం అన్న అలవాటు మనసులో ఉంటుంది గానీ మకరరేఖ దగ్గర అది ఏడాదిలో నిటారైన ఎండ, పలచటి మబ్బులోంచి కూడా చర్మం కాలుతుంది.

తేదీల్లో పట్టు విడుపు ఉన్నవాళ్లకు ఒక్క పక్షం జరపడమే పెద్ద ఆయుధం. సముయ్‌కి వెళ్లక తప్పకపోతే కొత్త సంవత్సరాన్ని వేరేచోట చేసుకుని జనవరి మూడో వారానికి చేరుకోవచ్చు, అప్పటికి వాన తగ్గుముఖం పడుతుంది. మాల్దీవులు, జాంజిబార్, నైరుతి శ్రీలంక డిసెంబరు మొదటి వారం కంటే చివరి వారంలో మెరుగు. బాలి, సీషెల్స్, ఫిజీ అలా కాదు, వాటికి రోజు గడిచేకొద్దీ వాన పెరుగుతుంది కనుక డిసెంబరు మొదట్లో వెళ్లిరావడం మంచిది. బడి సెలవులను బట్టి తేదీలు కదలని కుటుంబాలు మాత్రం ఒడ్డునే కదపాలి.

దీవుల యాత్రలో బలహీనమైన లంకె పెద్ద విమానం కాదు, ఆఖరి పడవ. గాలి రేగితే మొదట ఆగిపోయేది అదే. అందుకని తిరుగు విమానం ఎక్కే ముందురాత్రి విమానాశ్రయం ఉన్న నేల మీదే గది తీసుకోవాలి, మధ్యలో సముద్రం ఉండకూడదు. తుపాన్ల కాలంలో వెళ్తున్నట్టయితే ప్రయాణ బీమా టికెట్‌తో పాటే కొనాలి. తుపానుకు పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుపాను నష్టాన్ని సాధారణంగా భరించదు. హోటల్‌ను అడగాల్సిన ప్రశ్న "వాన పడుతుందా" అన్నది కాదు, ఆ ప్రశ్నకు ఎవరైనా సర్దిచెబుతారు. "డిసెంబరులో మీ ఒడ్డున ఎర్రజెండా ఎన్ని రోజులు ఎగురుతుంది, పడవలు ఏ రేవు నుంచి నడుపుతారు?" అని అడిగితే జవాబులో నిజం బయటపడుతుంది. కాలాన్ని బట్టి రేవు మారుస్తామని చెప్పే హోటల్‌కు తన సముద్రం తెలుసు.

బయలుదేరే ముందు ఐదు రోజులు గాలి మ్యాపు తెరిచి చూస్తే చాలు. బాణాలు నేల మీదుగా వచ్చి సముద్రం వైపు పోతుంటే ఆ ఒడ్డున నీళ్లు నిలకడగా ఉన్నట్టు. సముద్రం మీద నుంచి ఎదురుగా దూసుకొస్తుంటే ఆ రోజుకు దీవి అవతలి ఒడ్డుకు బండి మాట్లాడుకోవాలి.